గాస్టన్ ప్లాంటే

మానవుడు తనకు లభించిన దానిని దాచుకొనుట నేర్చిన పిమ్మటనే నిశ్చింతగా జీవింపగలిగెను. పంటకాలమున వచ్చిన ధాన్యమును గాదెలలో పోసికొని ఏడాది పొడవునను తినుచున్నాడు. వానకాలమున కురిసిన నీటిని చెరువులలో నిలిపి, వానలు వెనుకబడినప్పుడు పైరులకు పెట్టుచున్నాడు. విద్యుత్తును దాచుట మాత్రము అంత సులభమైన పని కాలేదు. అది గింజవలె గాదెలో నిలువదు. నీటివలె గట్టునకు ఆగదు. పుట్టినచోటి నుండి తీగల వెంట పరుగెత్తి ఆ క్షణముననే వ్యయమైపోవును. అట్టి చంచలమైన శక్తిని పెద్ద మొత్తమున నిలిపి, వలసినప్పుడు వాడుకొని, తఱిగినప్పుడు మరల నింపుకొను ఉపాయమును లోకమునకు చూపినవాడు గాస్టన్ ప్లాంటే అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు.

కారు, బస్సు, ట్రాక్టరు మొదలగు వాహనములలో పెక్కింటియందు ఒక బరువైన పెట్టె యుండును. ఇండ్లలో కరెంటు పోయినప్పుడు దీపములను వెలిగించు ఇన్వర్టరు ప్రక్కనను అట్టి పెట్టె కనబడుచుండును. అదియే సీసపు బ్యాటరీ. నూట అరువది యేండ్లు దాటినను దాని లోపలి మర్మము నాడు ప్లాంటే కనిపెట్టినదే.

ప్లాంటే 1834వ సంవత్సరము ఏప్రిల్ 22వ తేదీన ఫ్రాన్సు దేశపు నైరుతి భాగమున, పిరనీస్ పర్వతములకు చేరువనున్న ఓర్తెజ్ అను పట్టణమున జన్మించెను. ఆతని తమ్ముడు ఫ్రాన్సిస్ పియానో వాద్యమున మేటియై గొప్ప ఖ్యాతి గాంచెను. ఒక యింట పుట్టిన అన్నదమ్ములలో ఒకరు నాదమునకును, ఒకరు విద్యుత్తునకును తమ జీవితములను ధారవోసిరి. గాస్టన్ పారిస్ నగరమున విద్యాభ్యాసము చేసి, 1854లో, ఇరువది యేండ్ల ప్రాయమున, ఆ నగరమందలి ప్రసిద్ధమైన శిల్పవృత్తుల విద్యాలయమున భౌతికశాస్త్ర శాఖలో సహాయకుడుగా కుదిరెను. ఆచార్యునకు ప్రయోగములలో తోడ్పడుట ఆతని పని. ఉద్యోగము చిన్నదే కాని, చేరిన చోటు గొప్పది.

ఆ శాఖకు ఆచార్యుడు ఎడ్మండ్ బెకరెల్. ఈతడు 1839లో, పందొమ్మిదేండ్ల వయసున, తండ్రిగారి ప్రయోగశాలలో ఒక వింతను కనుగొనెను. ఆమ్లద్రవమున రెండు లోహపు రేకులను ముంచి, వానిలో ఒకదానిపై వెలుతురు పడనిచ్చినప్పుడు, తీగలో స్వల్పమైన విద్యుత్ప్రవాహము పుట్టెను. వెలుతురు తొలగింపగానే అదియు సన్నగిల్లెను. సూర్యకాంతి నుండి నేరుగా విద్యుత్తును పుట్టింపవచ్చునను సత్యము ఆ విధముగా మొదటిసారి వెల్లడియయ్యెను. ఆ ప్రవాహము ఏ దీపమును వెలిగించుటకైనను చాలునది కాదు. అందుచేత అది చిరకాలము గ్రంథములలో ఒక వింతగానే నిలిచిపోయెను. కాని, కాంతిని విద్యుత్తుగా మార్చిన గురువు కడ, విద్యుత్తును నిలువచేయబోవు శిష్యుడు పని నేర్చెననుట శాస్త్రచరిత్రలో ఒక చక్కని విశేషము.

ప్లాంటే దృష్టి మొదటినుండియు సూక్ష్మమైనది. 1855లో పారిస్ చెంతనున్న మూడాన్ అను చోట భూమి పొరలలో ఆతనికి ఒక పెద్ద యెముక కనబడెను. దానిని ఆతడు పండితులకు అందజేసెను. కోట్లాది సంవత్సరములకు పూర్వమే నశించిన, ఎగురలేని, మనిషి యెత్తును మించిన ఒక మహాపక్షి యెముక అదియని వారు తేల్చిరి. కనుగొన్నవాని పేరు నిలుచునట్లు ఆ పక్షికి గాస్టోర్నిస్ అని పేరిడిరి. ఇరువదియొక్క యేండ్ల యువకునకు ఇది చిన్న గౌరవము కాదు. అయినను ఆతడు ఆ కీర్తి వెంట పోక, తాను చేపట్టిన విద్యుచ్ఛాస్త్రమునే అంటిపెట్టుకొనెను.

ఆ కాలమున విద్యుత్తు ఎట్లు లభించుచుండెనో తెలిసికొన్నగాని ప్లాంటే చేసిన పని విలువ బోధపడదు. 1800వ సంవత్సరమున ఇటలీ దేశీయుడైన వోల్టా మొదటి విద్యుత్ ఘటమాలను నిర్మించెను. ఆ తరువాత పలువురు పలువిధములైన ఘటములను చేసిరి. వాని యందెల్ల ఒక లోహము, సామాన్యముగా తుత్తునాగము, ఆమ్లమున కరగుచు విద్యుత్తును పుట్టించును. లోహము కరగిపోయినచో ఘటము పని ముగియును. పొయ్యిలో కాలిన కట్టె మరల కట్టె కానట్లే, కరగిన లోహము మరల రేకు కాదు. క్రొత్త రేకును వేయక తప్పదు.

ఇట్లుండగా 1803లో జర్మనీ దేశీయుడైన రిట్టర్ ఒక సంగతిని గమనించి యుండెను. తడి అట్టల నడుమ రాగిబిళ్ళలను పేర్చి, వానిగుండ కొంతసేపు విద్యుత్తును పంపి, పిమ్మట మూలమును తొలగించినను, ఆ బిళ్ళల దొంతి తానుగా కొంత విద్యుత్తును ఎదురు దిక్కున తిరిగి యిచ్చెను. అది క్షణకాలమే నిలిచెను. పెక్కుమంది దీనిని ఘటములలోని ఒక లోపముగా భావించి, దానిని నివారించు మార్గములను వెదకిరి. ప్లాంటే మాత్రము దానిని వేఱు విధముగా చూచెను. తీసికొన్న దానిని కొంతయైనను తిరిగి యిచ్చు గుణము లోపమెట్లగును? ఆ గుణమును తొలగించుటకు మాఱుగా పెంచి చూడవలెనని ఆతడు నిశ్చయించెను.

ఆ నిశ్చయముతో ఆతడు పలు లోహములను ఒకదాని వెంట ఒకటిగా పరీక్షించెను. రాగి, వెండి, తగరము, ఇనుము, బంగారము, ప్లాటినము, సీసము అన్నియు ఆతని చేతిలో పరీక్షకు నిలిచినవే. విలువగల బంగారము ఓడెను. వెలతక్కువదై మెత్తనై బరువైన సీసము గెలిచెను. గంధకామ్లమున ముంచిన సీసపు రేకులు తాము పుచ్చుకొన్న విద్యుత్తును ఇతర లోహములన్నింటికంటె బలముగాను, ఎక్కువసేపును తిరిగి యిచ్చినవి. 1859లో ఆతడు రెండు పొడవైన సీసపు రేకులను తీసికొని, నడుమ ముతకగుడ్డనుంచి, చాపవలె చుట్టి, నీరు కలిపిన గంధకామ్లముగల పాత్రలో నిలిపెను. తరువాత గుడ్డకు మాఱుగా రబ్బరు పట్టీలను వాడెను. అదియే మరల మరల నింపుకొన వీలగు మొదటి బ్యాటరీ. మఱుసటి యేట, 1860లో, అట్టి ఘటములు తొమ్మిదింటిని కూర్చి ఫ్రెంచి శాస్త్ర పరిషత్తు ఎదుట ప్రదర్శించెను.

ఆ పాత్రలో జరుగు మార్పు విచిత్రమైనది. విద్యుత్తును లోనికి పంపినప్పుడు ఒక రేకుపై ఆమ్లజనితో కూడిన ముదురు గోధుమరంగు సీసపు ఆక్సైడు ఏర్పడును. రెండవ రేకుపై బూరుగువంటి శుద్ధసీసము నిలుచును. విద్యుత్తును వాడుకొనునప్పుడు రెండు రేకులపైనను సీసపు సల్ఫేటు అను తెల్లని పదార్థము పేరుకొనును, ఆమ్లము పలుచబడును. మరల విద్యుత్తును పంపినచో ఆ తెల్లని పదార్థము విడిపోయి, రేకులును ఆమ్లమును పూర్వస్థితికి వచ్చును. అనగా ఘటములో దాగునది విద్యుత్తు కాదు. అది రసాయనిక మార్పు రూపమున అచట నిలిచి, పిలిచినప్పుడు మరల విద్యుత్తై వెలువడును. ఒక్కొక్క ఘటము సుమారు 2 వోల్టుల నిచ్చును. ఆఱు ఘటములను వరుసగా కలిపినచో కారులలోని 12 వోల్టుల బ్యాటరీ యగును.

కాని తొలిదినమున సీసపు రేకు ఎక్కువ విద్యుత్తును పట్టుకొనలేదు. పైపొర మాత్రమే మాఱును. లోపలి సీసము అట్లే యుండును. ప్లాంటే ఓపిక యిచట తెలియుచున్నది. ఆతడు ఘటమును నింపును, ఖాళీచేయును, కొంతకాలము ఊరకుంచును, ఎదురు దిక్కున మరల నింపును, మరల ఖాళీచేయును. ఇట్లు దినములు, వారములు, నెలలు గడచును. ప్రతిసారియు మార్పు రేకులోనికి మఱికొంత లోతుగా దిగును. క్రొత్త పాత్ర మొదట నీటిని చెమరించి వాడుకమీద గట్టిపడినట్లే, సీసపు రేకు వాడిన కొలది ఎక్కువ శక్తిని నిలుపుకొనుట నేర్చును. ఈ పనిని తొందరపెట్టుటకు వీలు లేదు. రేకుల గుణము నెఱిగి ఆతడును తొందరపడలేదు.

అయినను ఆతని కృషికి వెంటనే ఫలము లభింపలేదు. దానికి తగిన కారణము కలదు. ఆ ఘటమును నింపుటకు విద్యుత్తు కావలెను. నాడు విద్యుత్తునకు ఆధారము తుత్తునాగము కరగించు పాత ఘటములే. వాని నుండి ఘాటైన ఆమ్లపు ఆవిరులు వెడలును, ఖర్చును హెచ్చు. అంత కష్టపడి పుట్టించిన విద్యుత్తును మఱియొక పాత్రలో దాచుటవలన లాభమేమి? ఏరు లేనిచోట చెరువు త్రవ్వినట్లు ప్లాంటే ఘటము పలువురకు తోచెను. శాస్త్రజ్ఞులు దానిని మెచ్చుకొనిరి కాని వ్యాపారులు దానివైపు చూడలేదు. ఇట్లు ఒక సంవత్సరము కాదు, రెండు సంవత్సరములు కాదు, ఇంచుమించు ఇరువది యేండ్లు గడచినవి.

మఱియొకడైనచో ఆ పనిని విడిచిపెట్టి యుండును. ప్లాంటే విడువలేదు. 1860లో ఆతడు సామాన్య ప్రజలకు శాస్త్రజ్ఞానమును బోధించు ఒక సంఘమున భౌతికశాస్త్రాచార్యుడయ్యెను. ఒకవైపు బోధించుచు, ఒకవైపు తన ఘటమునకు చిన్నచిన్న ఉపయోగములను కల్పించుచుండెను. ఘటములోని విద్యుత్తుతో సన్నని ప్లాటినపు తీగను ఎఱ్ఱగా కాల్చి క్రొవ్వొత్తిని వెలిగించు ఒక పనిముట్టును చేసెను. పూర్వపు యూరపు రసవాదులు సీసమునకు శనిగ్రహము పేరు పెట్టియుండిరి. కావున ఆ పనిముట్టునకును శనిపేరే వచ్చెను. క్రమముగా ఆతడు ఎనిమిది వందల ఘటములను ఒకచోట కూర్చి, వాని బలముతో గొప్ప మెఱుపులను పుట్టించి, ఆకాశమందలి పిడుగులతోను ధ్రువ ప్రాంతపు వెలుగులతోను పోల్చి పరిశీలించెను. ఇరువది యేండ్ల పరిశోధనల సారమును 1879లో ఒక గ్రంథముగా ప్రకటించెను. తాను కనుగొన్న దానిని దాచక ఇతరులకు తెలియునట్లు అందు వివరించెను.

ఇంతలో కాలము మాఱెను. 1871లో గ్రామ్ అను నాతడు చక్కని డైనమో యంత్రమును పారిస్ శాస్త్ర పరిషత్తునకు చూపెను. ఆవిరియంత్రముతో త్రిప్పినచో ఆ డైనమో ఎంత విద్యుత్తునైనను అగ్గువగా ఇయ్యగలదు. ఏరు లేదన్న కొఱత తీఱెను. ఇక చెరువు కావలసి వచ్చెను. 1881లో కామిల్ ఫోర్ అను మఱియొక ఫ్రెంచి దేశీయుడు సీసపు రేకులకు సీససిందూరపు ముద్దను పూసి, ప్లాంటేకు నెలలు పట్టిన పనిని కొలది దినములలో ముగించు మార్గమును కనుగొనెను. ఆ యేడే పారిస్ వీథిలో గుస్తావ్ త్రూవే అను నాతడు బ్యాటరీతో నడచు మూడు చక్రముల బండిని నడపెను. ఇంగ్లండులో రైలుపెట్టె యొకటి బ్యాటరీల విద్యుత్తుతో దీపములను వెలిగించుకొని పరుగెత్తెను. ఇరువది యేండ్లు మూలనున్నదనిపించిన వస్తువు ఒక్కసారిగా లోకమునకు అవసరమైనదయ్యెను. దానిని సిద్ధము చేసి యుంచినవాడు ప్లాంటే.

1889వ సంవత్సరము మే 21వ తేదీన, ఏబదియైదేండ్ల వయసున, ప్లాంటే పరమపదించెను. విద్యుచ్ఛాస్త్రమున కృషి చేసినవారికి ఫ్రెంచి శాస్త్ర పరిషత్తు ఇచ్చు బహుమానములలో ఒకటి ఆతని పేర వెలసెను. రెండేండ్ల పిమ్మట, 1891లో, ఆతని గురువైన బెకరెల్ కూడ దివంగతుడయ్యెను.

వారు గతించిన తరువాత వారి పనులు పెరిగినవి. మొదటి మోటారుకారులను కదలించుటకు ముందున్న ఇనుప కడ్డీని చేతితో బలముగా త్రిప్పవలసి యుండెడిది. అది ఎదురు తన్నినచో చేయి విఱుగుటయు కలదు. 1911లో అమెరికా దేశమున కెటరింగ్ అను ఇంజనీరు బ్యాటరీ బలముతో ఇంజనును త్రిప్పు చిన్న మోటారును సిద్ధపఱచెను. 1912 నుండి కాడిలాక్ కారులలో అది వాడుకలోనికి వచ్చెను. క్షణకాలములో వంద ఆంపియర్లకు పైబడిన ప్రవాహమును ఇయ్యవలెనన్నచో సీసపు ఘటమువంటిది మఱియొకటి నాడు లేదు. నాటినుండి ప్లాంటే ఘటము కారులో ఒక యంగమయ్యెను.

బెకరెల్ కనుగొన్న వింత ఫలించుటకు ఇంకను ఎక్కువకాలము పట్టెను. 1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలయందు ముగ్గురు శాస్త్రజ్ఞులు సిలికాను అను పదార్థముతో సౌరఫలకమును చేసిరి. అది తనపై పడిన సూర్యకాంతిలో నూటికి ఆఱు వంతులను విద్యుత్తుగా మార్చెను. 1958లో అట్టి ఫలకములు కృత్రిమోపగ్రహము నెక్కి ఆకాశమున తిరిగినవి. ఆ తరువాత వాని వెల తగ్గుచు, శక్తి హెచ్చుచు, పొలములకును ఇంటికప్పులకును వచ్చినవి. కడకు కారులోని బ్యాటరీ కడకును చేరినవి.

కారులోని బ్యాటరీకి సౌరఫలకముతో పనియేమని సందేహము కలుగవచ్చును. కారు నడచునంతసేపు ఇంజనుతో తిరుగు యంత్రము బ్యాటరీని నింపుచుండును. కారు నెలల తరబడి కదలక నిలిచినప్పుడే చిక్కు వచ్చును. తలుపులు మూసి యున్నను అందలి గడియారము మొదలగునవి కొంచెము కొంచెముగా విద్యుత్తును త్రాగుచునే యుండును. అవి 25 మిల్లీ ఆంపియర్ల ప్రవాహమును మాత్రమే తీసికొన్నను, ఒక దినమునకు 0.6 ఆంపియరు గంటలు తఱుగును. నెల తిరుగునప్పటికి 18 ఆంపియరు గంటలగును. బ్యాటరీ శక్తి 40 ఆంపియరు గంటలైనచో దాదాపు సగము పోయినట్లే. ఇదిగాక, ఏమియు వాడకున్నను సీసపు ఘటము తనలో తానే కొంత తఱుగును. వేడి హెచ్చిన కొలది ఆ తఱుగుదలయు హెచ్చును. అట్లు తఱిగిన స్థితిలో వదలివేసినచో రేకులపై నున్న తెల్లని సల్ఫేటు గట్టిపడి పెద్ద పలుకులగును. అవి పిమ్మట ఎంత విద్యుత్తు పంపినను సులభముగా విడిపోవు. అనగా బ్యాటరీ వాడుట వలన కంటె వదలివేయుట వలననే త్వరగా చెడును.

దీనికి విరుగుడు చిన్నది. వ్రాతపలక యంత సౌరఫలకము, 5 వాట్ల శక్తి కలది, మంచి యెండలో సుమారు 0.3 ఆంపియరు నిచ్చును. దినమునకు నాలుగు గంటల యెండ దొరకినను 1.2 ఆంపియరు గంటలు సమకూడును. పైని చెప్పిన దినపు ఖర్చునకు అది రెండింతలు. అద్దము వెనుక నుంచినచో కొంత తగ్గును కాని, ఆ తగ్గినదియు సామాన్యముగా చాలును. రాత్రివేళ బ్యాటరీనుండి విద్యుత్తు ఫలకములోనికి వెనుకకు పాఱకుండ డయోడు అను చిన్న సాధనము అడ్డు నిలుచును. అది ఒక దిక్కునకే దారి యిచ్చును. ఫలకము పెద్దదైనచో బ్యాటరీ నిండిన పిమ్మట ప్రవాహమును తగ్గించు నియంత్రకము కావలెను. లేనిచో లోపలి నీరు ఉదజనిగాను ఆమ్లజనిగాను విడిపోయి ఇగిరిపోవును. ఆ వాయువులకు నిప్పు తగిలినచో పేలుడు కలుగును. కావున బ్యాటరీ దగ్గర నిప్పురవ్వ పుట్టనీయరాదు.

ఒక్క విషయము మాత్రము మఱువరాదు. ఇట్టి చిన్న ఫలకము పూర్తిగా ఖాళీయైన బ్యాటరీని ఆ పూటకు లేవనెత్తజాలదు. దినమునకు 1.2 చొప్పున 40 ఆంపియరు గంటలు నిండుటకు నెలకు పైగా పట్టును. ఆలోపల రేకులు చెడిపోవచ్చును. అది నిండియున్న దానిని నిండుగా కాపాడును గాని, చెడిన దానిని బాగుచేయదు. రోజూ చుక్కచుక్కగా చేర్చుటలోనే దాని బలమంతయు నున్నది.

కదలక నిలిచిన కారు అద్దము వెనుక, కాంతిని విద్యుత్తుగా మార్చిన గురువు విద్యయు, విద్యుత్తును నిలిపిన శిష్యుని విద్యయు ఒక తీగతో కలిసికొనుచున్నవి. 1854లో ఒక్క ప్రయోగశాలలో ప్రక్కప్రక్కన నిలిచి పనిచేసిన ఆ యిరువురి కృషి అట్లు కలియుటకు నూఱేండ్లు దాటినవి. మంచి పని ఏదియు వ్యర్థము కాదనియు, దానికి తగిన కాలము వచ్చువఱకు దానిని సిద్ధముగా నుంచుటయే పనివాని ధర్మమనియు ప్లాంటే జీవితము తెలుపుచున్నది.

విద్యయు సీసపు ఘటము వంటిదే. ఒకనాడు నేర్చి మూలనుంచిన చదువు తనంత తానే తఱిగిపోవును. ఎక్కువకాలము వదలినచో గట్టిపడి మరల పట్టుబడదు. పరీక్ష ముందటి రాత్రి చేసిన పెద్ద ప్రయత్నముకంటె, దినదినము కొంచెముగా చేసిన అభ్యాసమే దానిని నిలుపును. ఏ మెప్పును లేని ఇరువది యేండ్లలో ప్రతిదినము తన రేకులను నింపుచు, ఖాళీచేయుచు, మరల నింపుచు గడపిన గాస్టన్ ప్లాంటే విద్యార్థులకు ఆదర్శప్రాయుడు.